సన్నాయి ఆగలేదు

సంత మర్నాడు

చీలిన మైనపు పలక ఒకటి దొరికింది. నటుల మాటలు రాసుకోవడానికి పనికిరాదని బట్టల గదిలో మూలకు విసిరేశారు. మైనం ఇంకా మెత్తగానే ఉంది. ఇందులో రాసుకుంటాను. నోటితో చెప్పుకుంటే సాల్వియస్ కసురుతున్నాడు. "అమ్మా, నీ భయాలు వింటూ కూర్చుంటే నా మాటలు నేను మరిచిపోతాను. పోయి గోడతో చెప్పుకో" అన్నాడు. గోడతో చెబితే పక్కవాటాలో ఓపియా వింటుంది. ఉప్పుచేపలమ్మే ఓపియా విన్నదంటే రోమ్ విన్నట్టే.

నావి కోడి కెలికిన అక్షరాలు. బట్టల మూటలకు పేర్లు కట్టడానికి పెద్దయ్యగారు నేర్పించినవి. ఎవరూ చదవలేరు. అదీ మంచిదే.

సంగతి ఏమిటంటే, ఈరోజు పొద్దున పెద్దయ్యగారి కొడుకు నుమీసియస్ అయ్యగారు తన నాటకం జట్టునంతా పొయ్యి దగ్గరికి పిలిచారు. ఇంటి దేవతల ముందు ద్రాక్షసారా ఒలికించి అందరూ వినేలా అన్నారు: "ఈ ఏడు జూపిటర్ దేవుడి పండగ ఆటలు ముగిసిన రోజున సాల్వియస్‌ని బానిసతనం నుంచి వదిలేస్తాను. జూపిటరే సాక్షి."

నన్ను బానిసతనం నుంచి వదిలి పదేళ్లయింది. కానీ వాణ్ని కన్ననాటికి నేను బానిసను, అందుకని వాడూ బానిసే. ఇంకో పద్దెనిమిదేళ్లు ఓపిక పట్టి కని ఉంటే స్వతంత్రుడుగా పుట్టేవాడు. అప్పటికి నాకు కాన్పు వయసు ఎక్కడిది.

"ఆటలు ముగిసిన రోజున" అన్నారు. "ఈరోజే" అనొచ్చుగా. మధ్యలో ఎన్ని జరగొచ్చు. వాన పడొచ్చు. వాడి గొంతు పోవచ్చు. బల్లలతో కట్టే రంగస్థలం కూలొచ్చు. అయ్యగారికే ఏదైనా అయితే? ఆయన దగ్గుతున్నారు. మొన్న కూడా దగ్గారు.

మూడు రోజుల తర్వాత

అభ్యాసం చూశాను. సాల్వియస్ బానిస వేషానికి పెట్టుకునే ఎర్ర పెట్టుడు జుట్టుకు చిమ్మెట పట్టింది, దానికి కుట్లు వేస్తూ ఓ వార కూర్చున్నాను. ఈ నాటకం రాసినాయన ఎవరో గాని చల్లగా ఉండాలి.

ఒక పిసినారి ముసలాయన. కొడుకు పెళ్లికి అడ్డం పడతాడు. ఆ ఇంటి బానిస, అంటే మా సాల్వియస్, ఆయన నిద్రలేవగానే "అయ్యో, మీరు రాత్రే పోయారండీ" అని నమ్మిస్తాడు. వీధిలో వాళ్లందరితో ముందే కూడబలుక్కుంటాడు. ముసలాయన ఎదురొచ్చినా ఎవరూ ఆయన్ని చూడరు.

"నేను చచ్చానంటావు. మరి ఆకలేస్తోందేమిరా?"

"అలవాటండీ. చచ్చిన కొత్తలో అందరికీ ఉంటుంది."

ముసలాయన పొరుగింటాయన ముక్కు దగ్గరికి వెళ్లి అరుస్తాడు. ఆయన "ఎక్కడో ఈగ ముసురుతోంది" అని చెయ్యి విదిలిస్తాడు. నాకు సూది గుచ్చుకుంది నవ్వలేక. ముసలాయన శవంలా పడుకుని, తన కోసం ఎవరు ఏడుస్తారో చూస్తాడు. ఎవరూ ఏడవరు. బానిస ఒక్కడే భోరుమంటాడు. "అయ్యో, రేపట్నించి నన్ను ఎవరు కొడతారు!"

చివర్లో వీలునామా చదువుతారు. బానిసకు విడుదల అని ఉంటుంది అందులో. ముసలాయన ఎగిరి లేస్తాడు. "ఒరే, నేను బతికే ఉన్నానురా!" సాల్వియస్ కాళ్ల మీద పడతాడు. "మరీ మంచిదండీ. బతికుండగానే వదిలిన పుణ్యం మీదే."

వాడు నవ్వించడు. అదే వాడి గొప్ప. ఒక మాట అని ఊరుకుంటాడు, జనానికి నవ్వు వచ్చేదాకా ఆగుతాడు. ఆ ఆగడం నేర్పితే వచ్చేది కాదు. వాళ్ల నాన్నకూ లేదు, నాకసలే లేదు.

ఎన్నిసార్లు ఆడితే అన్నిసార్లు రంగస్థలం మీద విడుదలవుతాడు. ఎర్ర జుట్టు తీసి నా చేతికి ఇవ్వగానే అయ్యగారు "ఒరే, ఆ బల్లలు మోసుకురా" అంటారు.

నాటకాల రోజు

వాన లేదు. ఎంత గింజుకున్నాను రాత్రంతా. ఆటలన్నీ అయ్యి చివర మిగిలింది ఈ నాటకాల రోజే. ఇది గడిస్తే ముగిసినట్టే.

జనం. ఎంత జనమో. పాలుతాగే బిడ్డల్ని ఎత్తుకొచ్చిన దాదులు, బాదంకాయలు కొరుక్కుంటూ చాకివాళ్లు, ముందు బల్లల మీద పెద్దమనుషులు. "ఈగ ముసురుతోంది" అన్న చోట నవ్వు లేచిందంటే, కట్టిన బల్లలు కదిలాయి. నేను తెర వెనక గుంజ పట్టుకు నిలబడ్డాను, పడితే నా మీదే పడనీ అని.

సాల్వియస్ వచ్చి నీళ్లు అడిగాడు. "ఎలా ఉందమ్మా?" "గట్టిగా అరవకు, గొంతు పోతుంది" అన్నాను. ఇంకేం అనాలి? ఒక మనిషి ముఖం కదపకుండా వేలమందిని కదిపాడు, వాడు నా కడుపున పుట్టాడు.

ఒక్క సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. పొద్దున ఊరేగింపులో దేవుడి బండి తోలేవాడు పగ్గం ఎడమచేత్తో పట్టుకున్నాడు. కొంచెం సేపే. కానీ చూశాను.

మర్నాడు

చెప్పకుండా ఉండలేకపోయాను. నీళ్ల తొట్టి దగ్గర ఓపియాతో అన్నాను, ఊరికే, మనసు ఆగక. "ఎడమచెయ్యే ఓపియా, నా కళ్లతో చూశాను. దేవుడికి కోపం వస్తుందేమో." ఓపియా కడవ కింద పెట్టేసింది. "ఎడమచెయ్యా! చూసి ఇంట్లో ఎలా పడుకున్నావే తల్లీ?"

మధ్యాహ్నానికల్లా పూజారులు బండివాణ్ని పిలిచారు. వాడు ఒప్పుకున్నాడు. తప్పు జరిగింది గనక నిన్నటి రోజు జరగనట్టే. ఊరేగింపు, బలి, నాటకం, అన్నీ మొదట్నించి మళ్లీ.

అంటే ఆటలు ముగియలేదు.

అయ్యగారు మాత్రం పండగ చేసుకున్నారు. ఇంకో ఆట, ఇంకోసారి డబ్బు కదా. ఓపియా ఆయనకూ చెప్పినట్టుంది, నాకు తేనె రొట్టె పంపించారు. "నీ కళ్లు దేవుడి కళ్లు ముసలమ్మా!" అన్నారు.

మర్నాడు

ఈ నోరు.

రెండో నాటకాల రోజు

మొన్నటి కన్నా జనం ఎక్కువ. చెట్లెక్కి చూశారు. మొన్న చూసినవాళ్లే మళ్లీ వచ్చారు, పక్కవాళ్లను మోచేత్తో పొడుస్తూ, "ఉండు, ఇప్పుడు చూడు, ఇప్పుడు ఈగ అంటాడు." తెలిసి తెలిసి మళ్లీ నవ్వుతారు. తెలియని నవ్వు కన్నా ఇదే ఎక్కువసేపు ఉంది. ఇదేం విద్యో.

"నన్ను ఎవరు కొడతారు" అన్నచోట వెనక నిలబడ్డ బానిసలు నవ్వలేదు. ముందు కూర్చున్న దొరలు పొట్టలు పట్టుకున్నారు. సాల్వియస్ అది పసిగట్టాడు. రెండు గుక్కల సేపు ఊరికే నిలబడి వెనక్కి చూశాడు. అప్పుడు వెనకవాళ్లు నవ్వారు. అంత నవ్వు నేను ఈ ఊళ్లో వినలేదు.

నా మనసుకు ఎందుకో మంచిగా అనిపించింది. అది కూడా భయమే. మంచిగా అనిపించినప్పుడల్లా ఏదో జరుగుతుంది.

మర్నాడు

జరిగింది. ఊరేగింపులో గంతులేసే వాళ్లలో ఒకడి అడుగు తప్పిందట. చూశామని పదిమంది వెళ్లి పూజారుల దగ్గర చెప్పారు. ఒకడు కుడికాలు అన్నాడు, ఒకడు ఎడమకాలు అన్నాడు. వాళ్లకు కావాల్సింది నాటకం. మళ్లీ ఆడాలి, మళ్లీ చూడాలి. పూజారులకూ ఆ ఈగ ఇష్టమేనేమో, తప్పేనన్నారు.

సాల్వియస్ నవ్వాడు. "చూశావా అమ్మా, ఊరు ఊరంతా నన్ను ప్రేమించి కట్టేసింది. నేను బాగా ఆడినకొద్దీ ఆటలు ముగియవు."

"పోనీ కాస్త బాగా ఆడకురా."

"నువ్వు కాస్త భయపడకుండా ఉండు, నేను కాస్త బాగా ఆడకుండా ఉంటాను."

గొంతు బొంగురుపోయింది వాడికి. ఉల్లికాడలు కాల్చి తేనెతో ఇచ్చాను.

అదే రోజు, పొద్దు వాలాక

రాయకుండా ఉండలేను.

బట్టల గదిలో తగిలించిన అంగీల వెనక కూర్చుని మడమ చీలిన చెప్పు కుడుతున్నాను. అయ్యగారు వచ్చారు, వెంట కాపువా ఊరి నుంచి వచ్చిన మనిషి. ఆయనకూ అక్కడ ఓ నాటకం జట్టు ఉంది. రెండు ఆటలూ చూశాడు. ఇద్దరూ నన్ను చూడలేదు.

"మాట ఏమని ఇచ్చావయ్యా?" అన్నాడు కాపువాయన.

"ఆటలు ముగిసిన రోజున అని."

"ముగిశాయా?"

"లేదు."

"అయితే ఆ మాట ఇంకా పుట్టలేదు. మూడోసారి కూడా ఏదో ఒక తప్పు దొరక్కపోదు. దొరికిన సాయంత్రమే వాణ్ని నాకు రాసిచ్చెయ్యి. నాలుగో ఆట నా మనిషిగా ఆడతాడు, అటునుంచి అటే కాపువా. ఆటలు ముగిసేనాటికి వాడు నీవాడే కాడు. నీవాడు కానివాణ్ని నువ్వెలా వదులుతావు? దేవుడి దగ్గర మాట తప్పినట్టూ కాదు."

"ఇలాంటి తెలివి మా నాటకంలో బానిసకే ఉంటుందనుకున్నాను" అన్నారు అయ్యగారు. తర్వాత, మెల్లగా, "వదిలేస్తే వాడు ఏ జట్టుకైనా పోతాడు. అంతటివాణ్ని ఊరికే పోగొట్టుకోవడమా" అన్నారు. "తప్పు దొరికితే చూద్దాం. దొరక్కపోతే మాత్రం నా మాట నా మాటే."

ఆయన చెడ్డవాడు కాదు. నేను ఎత్తుకు తిప్పిన పిల్లాడు. సాల్వియస్ ఆట చూసి ఏడ్చాడు కూడా, నేను చూశాను. చెడ్డవాడు కాదు.

కాపువా ఎంత దూరం? ఐదు రోజుల నడక అంటారు. నా మోకాళ్లకు పది రోజులు.

మర్నాడు

సాల్వియస్‌కి చెప్పలేదు. చెబితే గొంతు పూర్తిగా పోతుంది. ఓపియాకూ చెప్పలేదు. నీళ్ల తొట్టి దగ్గర "ఏమే, ఒంట్లో బాగాలేదా, ఇవాళ ఒక్క అపశకునం కూడా చెప్పలేదు" అని నుదురు పట్టి చూసింది.

మూడో నాటకాల రోజు

అంతా సవ్యంగా జరిగింది.

బండివాడు రెండు చేతులతో పగ్గం పట్టుకున్నాడు, ఎవరో కట్టేసినట్టు. గంతులేసేవాళ్లు కళ్లు కాళ్ల మీదే పెట్టి వేశారు. బలి దగ్గర నేను బట్టల బుట్టతో గుడి పక్క మెట్ల మీద ఉన్నాను, సన్నాయి ఆయనకు మూరెడు దూరంలో. ముసలాయన. నా వయసే ఉంటుంది. ప్రార్థన చదివినంతసేపూ జోడు సన్నాయి ఆగకూడదు, చెడ్డ శబ్దం ఏదీ దేవుడి చెవిన పడకుండా. ఆగలేదు.

ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గు వస్తే ఆగినట్టా? వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. అప్పుడే ఎద్దు అరిచింది, జనం గోల, బలి ఇచ్చే అధికారి నెత్తిమీద ముసుగు. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది, ఎవరికి వినబడదు? రెండు గుటకలు మింగేంతసేపు. అంతే. అంతసేపు ఏముంటుంది? నా చెవులు ఈమధ్య మొద్దుబారాయి. వినబడకపోతే అది నా చెవి తప్పు, సన్నాయి తప్పు కాదు.

సన్నాయి ఆగలేదు.

ఆయన నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో నాకు తెలియదు.

నాటకం సంగతి రాయాలి. సాల్వియస్ గొంతు సగమే పలికింది. ఆ సగాన్నే వాడు వాడుకున్నాడు, గుసగుసగా మాట్లాడాడు. జనమంతా ముందుకు వంగి చెవులు రిక్కించారు. అంతమందిని గుసగుసతో కూర్చోబెట్టినవాణ్ని నేను చూడలేదు. పెద్దయ్యగారి కాలం నుంచీ చూస్తున్నాను, ఎందరో గొప్పవాళ్లను. లేదు. చూడలేదు. వీలునామా చదివేటప్పుడు ముందు వరుసలో ఒక దొర, తల నెరిసినవాడు, "వదిలెయ్యవయ్యా వాణ్ని!" అని గట్టిగా అరిచాడు, నాటకం అని మరిచిపోయి. అందరూ అందుకున్నారు. "వదిలెయ్! వదిలెయ్!"

అయ్యగారు తెర పక్కనే ఉన్నారు. తల వంచుకున్నారు.

అదే రోజు, దీపం పెట్టకముందు

బట్టలు మడుస్తుంటే అయ్యగారు వచ్చారు. కాపువాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ముసలమ్మా, ఇవాళ పూజలో ఏదైనా చూశావా? నీ కంటికి దొరకనిది ఉండదు."

"చూడకేమయ్యా! అయ్యో, మీరు అడుగుతారనే అనుకుంటున్నాను. పొద్దున గడప దాటుతుంటే నా ఎడమకాలు తగిలింది. వెనక్కి వెళ్లి మళ్లీ దాటాను. మళ్లీ తగిలింది. ఓపియా ఇంట్లో ఎలుక కీచుమంది, అదీ రెండుసార్లు."

"నీ ఇంటి సంగతి కాదు. బలి దగ్గర."

"బలి దగ్గరా? ఎద్దుకు ఒక కొమ్ము కాస్త పొట్టి అనిపించిందయ్యా. కాదేమో, నేను పక్కనుంచి చూశాను. ఎవరో తుమ్మారు. చాకివాడే అనుకుంటా, జలుబు వాడికి. మబ్బు ఒకటి అటునుంచి ఇటు..."

"పగ్గం?"

"రెండు చేతులూ."

"గంతులు? సన్నాయి?"

"సన్నాయి ఎంత బాగుందయ్యా! మా అమ్మ పోయిననాడు ఇలాగే వాయించారు. ఆరోజు కూడా మబ్బే. ఆరోజు మా పిన్ని జున్ను తెచ్చింది, అది విరిగిపోయింది, అప్పుడే అనుకున్నాను..."

కాపువాయన గుమ్మంలోంచి అన్నాడు: "ఒట్టు వెయ్యమను."

అయ్యగారు నా మొహంలోకి చూశారు. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే చూసేవాడు.

"కాస్టర్ మీద ఒట్టు, తప్పేమీ చూడలేదు, వినలేదు" అన్నాను. ఆడవాళ్లం కాస్టర్ దేవుడి మీదే కదా ఒట్టు వేస్తాం. "కానీ అయ్యా, మీ దగ్గు గురించి నాకు దిగులుగా ఉంది. రాత్రి కిటికీ మూస్తున్నారా? మీ నాన్నగారు కూడా ముందు చిన్న దగ్గే అన్నారు, తర్వాత..."

ఆయన రెండు చెవులూ మూసుకుని వెళ్లిపోయారు. నేను చెప్పేది ఆయన ఎప్పుడూ చివరిదాకా వినలేదు, పుట్టి బుద్ధెరిగి.

కాస్టర్ జూపిటర్ కొడుకు. ఇప్పుడు గుర్తొచ్చింది. కొడుకు మీద వేసిన ఒట్టు పిడుగులు వేసే తండ్రికి తెలియకుండా ఉంటుందా.

మర్నాడు

పూజారులు ఏ తప్పూ లేదన్నారు. ఆటలు ముగిశాయి. న్యాయాధికారి దగ్గర విడుదల సంత రోజున అన్నారు అయ్యగారు.

సంత రోజు

నగర చౌకులో న్యాయాధికారి ముందు. బెత్తం పట్టుకున్నవాడు సాల్వియస్ తల మీద తాకించాడు. అయ్యగారు వాడి చెయ్యి పట్టుకుని ఒక చుట్టు తిప్పి, చెయ్యి వదిలేశారు. అంతే. ఇంతేనా అనిపించింది. నాటకంలో దీనికన్నా ఎక్కువసేపు పడుతుంది.

అయ్యగారు వెంటనే వెళ్లిపోలేదు. "ఏరా, వచ్చే ఆటలకు ఎవరి జట్టులో ఆడతావు?" అన్నారు.

"అడిగితే మీ జట్టులోనేనండీ."

"అడుగుతున్నాను."

"అయితే ఆలోచించి చెబుతానండీ" అన్నాడు వాడు. ముఖం కదపకుండా. తర్వాత ఊరుకున్నాడు. అయ్యగారికి నవ్వు వచ్చేదాకా ఆగాడు. వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఇద్దరూ నవ్వారు.

విడుదలైనవాళ్ల ఆనవాయితీగా గొరిగించిన గుండు మీద ఉన్నిటోపీ పెట్టుకుని నాతో నడిచి వచ్చాడు. టోపీ వదులు. గాలికి పోతుందేమో. వాడికి ఇక తిండి ఎవరు పెడతారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, అన్నీ వాడే చూసుకోవాలి. ఇదంతా ముందు ఆలోచించలేదు.

రెండు రోజుల తర్వాత

నీళ్ల తొట్టి దగ్గర సన్నాయి ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన ఇల్లు ఈ వైపు కాదు. నా కడవ తీసుకుని నింపాడు, మా గుమ్మం దాకా మోశాడు. దారిలో దగ్గుతూనే ఉన్నాడు.

గుమ్మం దగ్గర దించి, "ఆరోజు మీరు..." అన్నాడు.

"ఏరోజు?" అన్నాను.

"ఏమీ లేదమ్మా" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మీవాణ్ని చూశాను. నలభై ఏళ్లుగా వాయిస్తున్నాను, అలాంటివాణ్ని చూడలేదు" అన్నాడు.

ఉల్లికాడలు, తేనె ఎలా తీసుకోవాలో చెప్పి పంపాను.

ఈరోజు

పడమట మబ్బు పట్టింది. నల్లగా. దూరంగా ఒకసారి ఉరిమింది. ఓపియా చేపలు లోపల పెట్టుకుంటోంది. సాల్వియస్ మంచం మీద పడి నిద్రపోతున్నాడు, పట్టపగలు. వాణ్ని ఎవరూ లేపరు ఇప్పుడు. నోరు తెరుచుకుని పడుకున్నాడు.

జూపిటర్ దేవా, నేను ఏమీ వినలేదు. వినలేదని కాస్టర్ మీద చెప్పాను, నీకూ అదే చెబుతున్నాను. సన్నాయి ఆగలేదు.

అయినా ఒక మాట. ఈ వాటాలో మేం ఇద్దరం ఉంటాం. గుమ్మం పక్కన మంచం వాడిది. కిటికీ కింద, పైపెంకు పగిలిన చోట ఉన్న మంచం నాది. ఓపియా వాటా ఎడమవైపు, దాని జోలికి వెళ్లకు, దానికేం తెలియదు. పైనుంచి చూస్తే ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి గనక చెబుతున్నాను. పగిలిన పెంకు గుర్తుపెట్టుకో. తొందరపడకు, చూసుకుని వెయ్యి.